జలగండం ఉన్న కోటయ్యతో దీవుల మధ్య

గుంటూరు నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. బాపట్ల వెళ్తే సూర్యలంకలో కాళ్ళు తడుపుకుని, కాల్చిన మొక్కజొన్న పొత్తు తిని, సాయంత్రానికల్లా ఇంటికొచ్చేయవచ్చు. మా వైపు వాళ్ళకి సముద్రంతో పరిచయం అంతవరకే, మోకాళ్ళ దాకా. ఆ పైనున్నదంతా చేపలవాళ్ళదీ, తుఫాన్లదీ అని వదిలేశాం. అందుకే థాయిలాండ్ పడమటి తీరంలో తెరచాప పడవ ఎక్కి దీవుల మధ్య తిరిగొచ్చామంటే మా వీధిలో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతయింది?" రెండో ప్రశ్న, "కోటయ్య కూడా వచ్చాడా?"

ఆ రెండోదే అసలు ప్రశ్న. ఎందుకో చెబుతాను.

కోటయ్య మిరప రైతు, నా చిన్ననాటి స్నేహితుడు. వాడు పుట్టినప్పుడు ఎవరో పంతులు జాతకం రాసి, వీడికి జలగండం ఉంది, నీళ్ళకి దూరంగా పెంచండి అన్నాడు. అంతే, ఒక మనిషి బతుకులోంచి నీళ్ళు తీసేశారు. వేసవి సెలవుల్లో మేమంతా నడుముకి బెండ్లు కట్టుకుని పొలం బావిలో ఈత నేర్చుకుంటుంటే, వాడు గట్టు మీద కూర్చుని మా చొక్కాలకి కాపలా కాసేవాడు. ఇప్పటికీ బస్సు కృష్ణ మీది బరాజ్ ఎక్కగానే కిటికీ పక్క సీటు వదిలేసి లోపలికి జరుగుతాడు. నేనేమో జాతకాల మీదా, ముహూర్తాల మీదా, తాయెత్తుల మీదా సభల్లో అరిచి, పత్రికల్లో రాసి జుట్టు నెరిపించుకున్నవాణ్ణి. ఊళ్ళకి ఊళ్ళని మార్చానని చెప్పుకుంటాను గానీ, పక్క వీధిలోని కోటయ్యని మాత్రం ఒక్క అంగుళం కదిలించలేకపోయాను.

వాడి జాతకం వాడి ఒంటి వరకే ఉంటే ఊరుకునేవాణ్ణేమో. వాడి మనవరాలు హారికకి పన్నెండేళ్ళు. పొడుగు చేతులూ, పొడుగు కాళ్ళూ చూసి బడిలో వ్యాయామం మాష్టారు, ఈత నేర్పిస్తే ఈ పిల్ల చాలా దూరం వెళ్తుందన్నారు. పిల్ల ఎగిరి గంతేసింది. ఇంట్లోవాళ్ళు జాతకం చూపించారు. తాతకున్న గండమే మనవరాలికీ ఉందన్నాడు కొత్త పంతులు. కోటయ్య కుదరదన్నాడు. ఆ ఇంట్లో వాడి మాటే చివరి మాట. హారిక ఏడవలేదు, గొడవ చేయలేదు, తాతతో మాట్లాడటం మానేసింది.

నేను వెళ్ళి గొంతు పోయేదాకా వాదించాను. కోటయ్య తాపీగా విని అన్నాడు: "నువ్వు మాట్లాడతావురా ఎంకటేశ్వర్లూ, నీళ్ళు మాట్లాడవు. మస్తాను సముద్రం ప్రయాణం అంటన్నాడుగా, పద, నేనూ వస్తా. అందరూ చూస్తుండగా నా అంతట నేను నీళ్ళలో దిగి బయటికొస్తే పిల్లని పంపిస్తా. దిగలేకపోయానా, నువ్విక నా ఇంట్లో ఈ మాట ఎత్తకూడదు."

మస్తాన్ వలి మా ముగ్గురు స్నేహితుల్లో మూడోవాడు. పొన్నూరులో బియ్యం వ్యాపారం. కాలవల్లో ఈదుతూ పెరిగినవాడు. ఫోన్లో ఏదో పడవ వీడియో చూసి, మోకాళ్ళు పనిచేస్తున్నప్పుడే పోయొద్దాం పదండిరా అని ఏడాదిగా మమ్మల్ని వేధిస్తున్నాడు. కోటయ్య మాట వినగానే గడ్డం సవరించుకుంటూ, "సాక్షిని నేను" అన్నాడు.

ఫుకెట్ రేవులో

మా పడవకి కెప్టెన్ ఒక ఆడమనిషి. పేరు ప్లోయ్, నలభై ఏళ్ళుంటాయి. ఎండకి నల్లబడిన ముఖం, సగం అరిగిన ఇంగ్లీషు, పెద్ద నవ్వు. ఆవిడ మాటల్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. మమ్మల్ని చూడగానే "లుంగ్" అని పిలిచింది. లుంగ్ అంటే పెదనాన్న వరస అట. ముక్కూ ముఖం తెలియనివాళ్ళని వరస పెట్టి పిలవడంలో వాళ్ళూ మనలాంటివాళ్ళే. చెప్పులు గట్టు మీదే విప్పి పడవ ఎక్కాలంది. పక్క పడవ ఎక్కుతున్న తెల్లవాళ్ళ గుంపుకి ఆ సంగతి నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది. మేం ముందే విప్పేశాం.

పడవ ముక్కుకి రంగురంగుల గుడ్డలూ, పూలదండా కట్టి ఉన్నాయి. పడవని కాపాడే అమ్మవారికట. కోటయ్య చేతులు జోడించాడు. నాకు వెంటనే ఒళ్ళు మండింది. "ఈ పూలు కట్టకపోతే పడవ మునుగుతుందా?" అనడిగాను. ప్లోయ్ కాసేపు ఆలోచించి, "పొద్దున ఇంజను నూనె చూశాను. వాతావరణం చూశాను. తాళ్ళు చూశాను. పూలు ఆఖర్న కట్టాను" అంది.

"మొదటి మూడూ చాలు కదా?"

"చాలు. నాలుగోది కడితే ఫోటోలు బాగా వస్తాయి."

ఆవిడని నా పక్షంలో వేసుకోవాలో, కోటయ్య పక్షంలో వదిలేయాలో తేల్చుకోలేకపోయాను.

ఆవిడ ఇచ్చిన లైఫ్ జాకెట్‌ని కోటయ్య గట్టు మీదే తొడిగేసుకున్నాడు, మూడు బకిళ్ళూ బిగించుకుని. దాన్ని స్నానానికి తప్ప విప్పలేదు. పడుకునేటప్పుడు కూడా నారింజ రంగు బస్తాలా వెల్లకిలా పడుకునేవాడు. మస్తాన్ వాడి పక్కనే పడుకోవాలి. "పెళ్ళయిన కొత్తలో కూడా నన్నెవరూ ఇట్టా పక్కకి తోయలేదురా" అని వాపోయాడు.

సున్నపురాళ్ళ మధ్య

ఇంజను ఆపి తెరచాప ఎత్తిన క్షణం గురించి చెప్పాలి. మోత ఒక్కసారిగా పోతుంది. గుడ్డ టపటపా కొట్టుకుని నిండుతుంది. పడవ ఒక పక్కకి ఒరిగి నీళ్ళని కోసుకుంటూ పోతుంది. ఎవరూ తొయ్యడం లేదు, ఏదీ మండడం లేదు, అయినా కదులుతున్నాం. నాకు కళ్ళు చెమర్చాయి. గాలి ఎటు వీస్తే గుడ్డని ఎట్లా తిప్పాలో మనిషి తలకాయ పెట్టి కనిపెట్టాడు. దీనికన్నా గొప్ప మంత్రం ఏముంది అని ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. అప్పుడే గోంగూర పచ్చడి సీసా బల్ల మీద నుంచి జారి, నా ఒళ్ళో ఒలికింది. ఒరిగే పడవలో మూతలూ సీసాలూ అరల్లో పెట్టి బిగించాలని ప్లోయ్ చెప్పింది. మేం విన్నాం. చేయలేదు. ఆ పంచె ఇప్పటికీ గోంగూర రంగులోనే ఉంది.

కోటయ్య మాత్రం రెండు చేతులా తెరచాప స్తంభాన్ని కావిలించుకుని, "నిలబెట్టమ్మా, నిలబెట్టు! పడవని నిలబెట్టు!" అని ప్లోయ్ మీద తెలుగులో కేకలేశాడు. ఆవిడ నవ్వుతూ, "లుంగ్, ఇదే నిలబడటం" అంది.

మధ్యాహ్నానికి అఖాతంలోకి వచ్చాం. ఆకుపచ్చ నీళ్ళలోంచి నిలువునా లేచిన సున్నపురాతి కొండలు. మొదళ్ళని అలలు కొరికేశాయి, నెత్తిన చెట్లు వేలాడుతున్నాయి. లోపల గుహలు. గుహల్లోంచి చిన్న రబ్బరు పడవలో దూరితే అవతల కొండ మధ్యలో ఆకాశమే కప్పుగా ఉన్న చెరువు. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే మస్తాన్ అన్నాడు: "పిడుగురాళ్ల పక్కనుంటే ఈ కొండలు ఇప్పటికి సున్నపు బట్టీలో కాలి మన గోడల మీదుండేయి."

నవ్వామే గానీ, నిజం. ఒకే రాయి. ఇక్కడ చూడ్డానికి డబ్బు తీసుకుంటున్నారు, అక్కడ కాల్చడానికి తీసుకుంటున్నాం. ఏది తెలివో లెక్కలవాళ్ళు చెప్పాలి.

సాయంత్రం ఒక దీవి ఒడ్డున కొట్లో పచ్చి బొప్పాయి తురుముతో చేసిన పచ్చడి తిన్నాం. రోట్లో వెల్లుల్లి, వేరుశెనగలు, ఎండు రొయ్యలు వేసి మన ఎదుటే దంచుతారు. రోలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. మిరపకాయలు ఎన్ని వేయమంటారని రోలు ముందున్న అమ్మాయి అడిగింది. మామూలుగా యాత్రికులకి ఒకటి వేస్తుందట. కోటయ్య పది వేళ్ళూ చూపించాడు. ఆ అమ్మాయి ప్లోయ్ వైపు చూసింది. ప్లోయ్ భుజాలెగరేసింది. చిటికెన వేలు గోరంత ఉన్నాయవి. మొదటి ముద్దకి కోటయ్య చెవులు ఎర్రబడ్డాయి. రెండో ముద్దకి ముక్కు కారింది. మూడో ముద్ద మింగి, కళ్ళు తుడుచుకుని, తీర్పు చెప్పాడు:

"ఇది కారం కాదురా, కోపం. మన కాయ నాలిక మీద కూర్చుని మాట్లాడిద్ది. ఇది చెంపమీద కొట్టి పారిపోద్ది."

"అయితే వదిలెయ్."

"డబ్బులిచ్చాం గదా!"

అన్నట్టు ఈ దేశంలో నాకు నచ్చనిది ఒక్కటే. కారంలో పంచదార వేస్తారు. పులుసులో పంచదార, పచ్చడిలో పంచదార, నూడుల్స్ పక్కన గిన్నెలో విడిగా పంచదార. ఎవరి దేశాచారం వాళ్ళదని గౌరవించాలంటారు. ప్రయత్నించాను, నా వల్ల కాలేదు.

నీళ్ళ మీద ఊరు

మూడో రోజు పన్యీ అనే ఊరు చూశాం. ఊరు అంటే నేల ఉండాలి కదా. ఇక్కడ లేదు. ఒక పెద్ద కొండ మొదట్లో, నీళ్ళలో పాతిన గుంజల మీద వందల ఇళ్ళు, బడి, బజారు, బంగారు గుమ్మటం ఉన్న మసీదు. అందరూ ముస్లింలు. మస్తాన్ నమాజుకి వెళ్ళొచ్చి మహా సంబరపడ్డాడు. "నా పక్కన నిలబడ్డాయనకి నా మాట ఒక్కటి తెలీదు, నాకాయన మాట తెలీదు. అయినా ఎప్పుడు వంగాలో, ఎప్పుడు లేవాలో ఇద్దరికీ తెలుసు" అన్నాడు. ఇలాంటి మాటలకి నా దగ్గర సిద్ధంగా జవాబులుంటాయి. వాడి ముఖం చూసి వాటిని జేబులోనే ఉంచుకున్నాను.

ఒక ముసలమ్మ ఇంటి వరండాలో మాకు అన్నం పెట్టింది. కొబ్బరిపాల పులుసు, వేయించిన చేప, మల్లెపూల వాసనొచ్చే అన్నం. మా ఊరి మంచి హోటల్లో భోజనానికి అయ్యేంతే తీసుకుంది. మస్తాన్ నాలుగు మెతుకులు వేళ్ళతో నలిపి చూసి, "పాత బియ్యం కాదు. అయినా మన్నించొచ్చు" అన్నాడు. ముసలమ్మకి అర్థం కాకపోయినా మెచ్చుకున్నాడనుకుని మళ్ళీ వడ్డించింది.

కోటయ్య భోజనం సాగలేదు. పలకల సందుల్లోంచి కింద నీళ్ళు కనబడుతున్నాయి. వాడు రెండు కాళ్ళూ మంచం మీదికి లాక్కుని కూర్చున్నాడు. వరండా చివర్నుంచి హారిక ఈడు ఆడపిల్లలు బడి బట్టలతోనే దభీదభీమని నీళ్ళలోకి దూకుతున్నారు. వాడు వాళ్ళనే చూస్తున్నాడు. పిల్ల దూకినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, తల పైకి తేలాక వదులుతున్నాడు. ఇదే అదను అనుకుని నేను, "చూశావురా, వీళ్ళలో ఒక్కళ్ళకైనా జలగండం ఉండదా? ఇంత ఊరికి..." అని మొదలుపెట్టాను.

"అన్నం తిననియ్యరా" అన్నాడు కోటయ్య. చిరాగ్గా కాదు, అలసటగా. "ఇంటికి ఫోన్ చేశా పొద్దున. పిల్ల పక్కనే ఉంది. వాళ్ళమ్మ ఇస్తే తీసుకోలా."

ఆ తర్వాత నాకూ అన్నం సయించలేదు.

కల్లంలో వాన

నాలుగో రోజు ఒక చిన్న దీవి చాటున లంగరు వేశాం. సముద్రం సాగదీసిన పట్టుచీరలా ఉంది. అప్పుడు కోటయ్య తన సంచి తెరిచి గావుకేక పెట్టాడు. పరాయి దేశంలో పచ్చడికి కావాలని ఇంటి నుంచి రెండు కిలోల తేజ రకం ఎండు మిరపకాయలు తెచ్చుకున్నాడు. ముందురోజు కిటికీ మూయడం మరిచిపోయాం. అలల తుంపర సంచి మీద పడి కాయలు మెత్తబడ్డాయి.

"తాలైపోద్దిరా! ఇంకో పూట ఉంచితే బూజు పట్టిద్ది!"

తాలు అంటే రంగు పోయి పాలిపోయిన కాయ. మిరప యార్డులో దానికి విలువ ఉండదు. యార్డు ఇక్కడికి సముద్రమంత దూరం, కొనేవాడు లేడు, అమ్మేది లేదు. అయినా వాడు తన తెల్ల పంచె ఒకటి తెచ్చి పడవ ముందుభాగంలో పరిచి, కాయల్ని పల్చగా ఆరబోసి, పక్కన గొంతుకూర్చున్నాడు. అరగంటకోసారి చేత్తో కలబెడుతున్నాడు. అచ్చం కల్లంలో కూర్చున్నట్టే. నారింజ జాకెట్ తొడుక్కుని. ప్లోయ్ వచ్చి చూసి రెండు తుమ్ములు తుమ్మి వెనక్కెళ్ళింది.

మధ్యాహ్నం దాటాక దీవి వెనక నుంచి నల్లటి మబ్బు వచ్చింది. ఇక్కడి వాన చెప్పి రాదు. ముందు ఒక్కసారిగా గాలి కొడుతుంది. ప్లోయ్ "అందరూ వెనక్కి రండి, కూర్చోండి!" అని అరిచింది. నేనూ మస్తానూ బుద్ధిగా కూర్చున్నాం. కోటయ్యకి ఆ మాట వినపడలేదు. మబ్బు చూశాడు, ఎదురుగా కాయలు చూశాడు. ఇంకేం వినపడుతుంది? మిరప పండించేవాళ్ళకి ఒక్కటే తెలుసు. వాన చినుకు పడిందంటే తినే కంచం వదిలేసి కల్లానికి పరిగెత్తాలి.

"వానరోయ్! పట్టాలు! పట్టాలు కప్పండి!"

లేచి పంచె నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తాడు. సరిగ్గా అప్పుడే గాలి కొట్టింది. పంచె తెరచాపలా నిండింది. పడవ లంగరు మీద గిరుక్కున తిరిగింది. వదిలేస్తే సరిపోయేది. కాయలున్న పంచెని కోటయ్య ఎట్లా వదులుతాడు? పంచె వాణ్ణి మోకాలెత్తు కమ్మీ మీదుగా లాక్కుపోయింది. దభీమని శబ్దం.

ఆ క్షణంలో నాకొచ్చిన మొదటి ఆలోచన రాయాలంటే సిగ్గుగా ఉంది. "పంతులు గెలిచాడు." రెండోది, "హారికకి ఏం చెప్పాలి?" ఆ తర్వాతే కాళ్ళు కదిలాయి.

కమ్మీ దగ్గరికి పరిగెత్తి చూస్తే, ఆకుపచ్చ నీళ్ళ మీద ఎర్రటి కాయలు తివాచీలా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్యలో ఒక నారింజ రంగు బుడగ, దాని మీద కోటయ్య తలకాయ. మస్తాన్ అప్పటికే దూకేశాడు. ప్లోయ్ తాడు కట్టిన రబ్బరు చక్రం విసిరింది. కోటయ్య నోట్లో ఉప్పునీళ్ళు ఉమ్మి, గొంతు చించుకున్నాడు:

"కాయలు! కాయలు పట్టండిరా!"

"నిన్ను పట్టుకోవాలా, కాయల్ని పట్టుకోవాలా?" అన్నాడు మస్తాన్ ఈదుతూ.

"కాయల్నిరా! నేనెటూ తేల్తన్నాగా!"

అన్నాక వాడికే ఆ మాట వినపడినట్టుంది. కిందికి చూసుకున్నాడు. నీళ్ళు మెడ దాకా ఉన్నాయి. అడుగున ఏమీ లేదు. తేలుతున్నాడు. వాన మొదలైంది. అలా ఒక నిమిషం పాటు కాళ్ళు వేలాడేసుకుని, నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తర్వాత చక్రం పట్టుకుంటే మేం లాగి నిచ్చెన ఎక్కించాం. పంచె మాత్రం వాడి గుప్పిట్లోనే ఉంది.

తడిసిన మిరప గింజలు కళ్ళలో పడి ముగ్గురం సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉన్నాం. ప్లోయ్ మంచినీళ్ళతో మా ముఖాలు కడిగింది. ఇన్నేళ్ళలో పడవలో ఎన్నో రకాల ప్రమాదాలు చూశాను గానీ ఇది కొత్త, అంది.

వాన వెలిశాక అల్లం టీ తాగుతూ కోటయ్య నెమ్మదిగా అన్నాడు: "గండం గడిచింది."

నేను లేచి నిలబడ్డాను. "గండం కాదురా, గాలి! పంచె వదలకపోవడం! జాతకంలో రాసుందా, వీడు సముద్రంలో మిరపకాయలు ఆరబోస్తాడని?"

"ఏదో ఒకటి. రావాల్సింది వచ్చింది, పోయింది. నాది అయిపోయింది."

"సరే, అయిపోయిందనే అనుకో. అయితే ఇంక హారికని..."

"నాది అయిపోయిందన్నా. పిల్లది అయిపోలేదుగా. దానిది ఇంకా రావాల్సుంది."

దీనికి కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి? వాడు మునిగుంటే జాతకం నిజం. తేలాడు కాబట్టీ జాతకం నిజమే. ఎటు తిప్పినా గెలిచే జూదం అది. వాడు పుట్టిన నాటి నుంచి ఆ కుటుంబం చేత ఆడిస్తూనే ఉంది. నీళ్ళంటే ప్రమాదమని చెప్పి ఈత నేర్పకపోతే, నీళ్ళు నిజంగానే ప్రమాదమవుతాయి. జోస్యం చెప్పినవాడే దాన్ని నిజం చేసే ఏర్పాటు కూడా చేసిపోతాడు. ఇదంతా గట్టిగానే చెప్పాను.

మస్తాన్ తీర్పు చెప్పాడు: "పడటం దిగటం కాదు. మాట ప్రకారం వాడంతట వాడు దిగాలి. ఇంకా టైముంది. నువ్వు కూర్చోరా ఎంకటేశ్వర్లూ, పడవ ఊగిపోతంది."

ఇసక దిబ్బ

మర్నాడు ఆటుకి నీళ్ళు తగ్గినప్పుడు రెండు దీవుల మధ్య తేలే ఇసక దిబ్బకి వెళ్ళాం. పాలలాంటి ఇసక. ఇరువైపులా మోకాళ్ళ లోతు, ఆపైన నడుం లోతు, ఎంత లోతున్నా కాలి గోళ్ళు కనబడే నీళ్ళు. ఒక పడవ కొట్టు కూడా వచ్చింది. కొబ్బరి బొండాలు, పుల్లకి గుచ్చిన అనాసపండు ముక్కలు. బొండాం ధర మన దగ్గరకి రెండింతలు. కానీ సముద్రం మధ్యలోకి మోసుకొచ్చి అమ్ముతున్నవాడితో బేరమాడటానికి మనసొప్పలేదు.

బొండాం తాగడం అయ్యాక కోటయ్య నా వైపు చూడకుండా మస్తాన్‌ని అడిగాడు: "ఏరా, తేలటం వరకూ ఎంతసేపు పట్టిద్ది?"

మస్తాన్ నవ్వలేదు. "నువ్వు బిగుసుకోకపోతే పొద్దుగూకేలోపు" అన్నాడు.

కోటయ్య మూడు బకిళ్ళూ విప్పాడు. జాకెట్ తీసి ఇసకలో పెట్టాడు. చొక్కా విప్పి, మడిచి, నా చేతికిచ్చాడు. "నువ్విక్కడే కూర్చో. నోరెత్తమాక. నువ్వు మాట్లాడితే నేను మునిగిపోతా."

కూర్చున్నాను. ఇద్దరి చొక్కాలకీ కాపలా కాస్తూ.

నడుం లోతులో మస్తాన్ అరచెయ్యి వాడి వీపు కింద పెట్టి, "పొట్ట పైకి. తల వెనక్కి వదిలెయ్. ఆకాశం చూడు. నన్ను చూడమాక, నేనేమన్నా పెళ్ళికూతుర్నా?" అంటున్నాడు. కోటయ్య గుంజలా బిగుసుకుని మునిగాడు. దగ్గాడు. తిట్టాడు. మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ మునిగాడు. ఒకసారి నడిచి ఇసక మీదికొచ్చేసి, నా పక్కన కూలబడి, విప్పిన జాకెట్ వైపు చూశాడు. నేను నిజంగానే నోరెత్తలేదు. నా జీవితంలో ఇంత కష్టమైన మౌనం లేదు. వాడు మళ్ళీ లేచి వెళ్ళాడు.

ఎన్నోసారో తెలియదు, మస్తాన్ చెయ్యి మెల్లగా కిందికి దించేశాడు. కోటయ్యకి తెలియలేదు. పొట్టా, ముఖమూ, రెండు బొటనవేళ్ళూ నీళ్ళ పైన. తేలుతున్నాడు. ప్లోయ్ చప్పట్లు కొడితే అదిరిపడి మునిగాడు గానీ, లేచి, "చెయ్యి తీశావా? ఎప్పుడు తీశావురా దొంగ సచ్చినోడా?" అని మస్తాన్ మీద పడ్డాడు. అరవై దాటిన ఇద్దరు మగాళ్ళు నడుం లోతు నీళ్ళలో కొట్టుకుంటూ నవ్వడం మీరు చూడలేదు. నేను చూశాను.

ఒడ్డుకొచ్చి తల తుడుచుకుంటూ అప్పుడు చెప్పాడు, నాకు, నా కళ్ళలోకి చూసి: "రాత్రంతా అదే ఆలోచించాన్రా. పిల్లది ఇంకా రావాల్సుంది గదా. వానొచ్చిద్దని ముందే తెలిస్తే ఏం చేస్తాం? పట్టాలు ముందే కొని పెట్టుకుంటాం. పట్టా లేకుండా కాయ ఆరబోసేవాణ్ణి ఏమంటాం? ఎదవంటాం. నిన్న నన్ను ఆ జాకెట్ లేపింది. పిల్ల బడికీ, సంతకీ జాకెట్ ఏసుకుని తిరగదు గదా. మామూలు పిల్లలకి ఈత లేకపోయినా ఫరవాలేదేమో గానీ, గండం ఉన్న పిల్లకి రాకపోతే ఎట్టారా?"

"అసలు గండమనేదే..." అని నేను నోరు తెరిచాను. మస్తాన్ అందులో అనాసపండు ముక్క పెట్టాడు.

నమిలాను. నమిలే టైములో ఆలోచన వచ్చింది. నేను కావాలన్నది ఇదే, పిల్ల ఈత నేర్చుకోవాలి. వాడు అక్కడికి వచ్చాడు. నా దారిన కాదు. నేను తప్పని నిరూపించాలనుకున్న దారినే నడిచి వచ్చాడు. నాకిది సమ్మతం కాదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా కాదు. తప్పు మెట్ల మీద నుంచి ఎక్కినా మేడ మేడే అనే రకం మనిషిని కాను, ఎందుకంటే అవే మెట్లు రేపు ఇంకో పిల్లని బావిలోకి దించుతాయి. కోటయ్యతో ఆ వాదన నేను చచ్చేదాకా చేస్తాను. కానీ హారిక ఎదురుచూస్తోంది. నా వాదనకి తొందర లేదు.

అనాసపండు బాగుంది. అందులోనూ ఉప్పూ కారంతో పాటు పంచదార చల్లారు.

మళ్ళీ ఫుకెట్

ఆఖరి రోజు గాలి వెనక నుంచి వచ్చింది. పడవ ఒరగకుండా, పిల్లని ఎత్తుకున్నట్టు మమ్మల్ని రేవుకి చేర్చింది. కోటయ్య చుక్కాని పట్టాడు. ప్లోయ్ పక్కన నిలబడి, "లుంగ్, ఎడమకి, ఇంకో ఎడమకి" అంటుంటే ఎద్దుల్ని అదిలించినట్టు "హై! హై!" అంటూ తిప్పాడు. రేవులో తాళ్ళు కట్టాక ఆవిడకి మిగిలిన కందిపొడి ఇచ్చాం. వేలితో నాకి చూసి, పంచదార వేస్తే ఇంకా బాగుంటుందంది.

సిగ్నల్ రాగానే కోటయ్య ఇంటికి ఫోన్ చేశాడు. కోడలు తీసింది. "హారికకి ఇయ్యమ్మా" అన్నాడు. అటువైపు గుసగుసలు. తీసుకోదంట మావయ్యా, అంది కోడలు. కోటయ్య గొంతు సవరించుకుని, అందరికీ వినపడేట్టు స్పీకర్ పెట్టి, "తీసుకోకపోతే పోనీ. నేను సముద్రంలో ఈదానని చెప్పు. ఈతకి పొమ్మన్నానని చెప్పు" అన్నాడు.

ఏదో కింద పడిన చప్పుడు. పరుగు. ఆ తర్వాత ఆయాసపడుతున్న గొంతు: "తాతయ్యా? నిజంగానా? నువ్వా?"

"నేనే. మస్తాన్ తాతయ్యని అడుగు."

"నిజమేనమ్మా" అన్నాడు మస్తాన్. "కాకపోతే ఈదలేదు, తేలాడు. ఈదటం నువ్వు నేర్పు."

పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కోటయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి మిరపకాయల మీదికి నెట్టడానికి వీల్లేదు.

"తాతయ్యా, రేపట్నుంచే వెళ్ళనా?"

"రేపొద్దమ్మా. రేపు మంగళవారం. బుధవారం నుంచి పో."

అప్పటిదాకా పళ్ళ బిగువున పట్టి ఉంచిన నా నోరు అక్కడ కట్టు తెంచుకుంది. "మంగళవారమైతే ఏంట్రా? నీళ్ళకి వారం తెలుస్తుందా? సముద్రంలో పడి లేచినా నీకు బుద్ధి రాలేదా? ఇంకా ఎన్ని తరాలు..." రేవులో పక్క పడవలవాళ్ళు కూడా తిరిగి చూశారు.

కోటయ్య నా ఊపిరి అయిపోయేదాకా ఆగాడు.

"మంగళవారం ఈత కొలను కడుగుతారంటరా. సెలవు. మాష్టారు అడిగిన రోజే కోడలు చెప్పింది."

ఫోన్లోంచి హారిక, "అవును తాతయ్యా, మంగళవారం మూసేస్తారు. అక్కడ ఎవరు అరుస్తున్నారు?" అంది.

"ఎవరూ లేదమ్మా" అన్నాడు కోటయ్య. "మీ ఎంకటేశ్వర్లు తాతయ్య. ఆయనకి మంగళవారం కూడా సెలవు లేదు."